ఎలుక మేత, మనిషి కంచం

ఈ మధ్య మా కేంద్రానికి ఒక శ్రోత ఉత్తరం వ్రాసినారు. వారి ఇంట పెద్దవారొకరికి క్యాన్సర్ అని తేలినది. చికిత్స జరుగుతున్నది. ఇంతలో చుట్టపుచూపుగా వచ్చిన బంధువు ఒకాయన, "మాంసకృత్తులు కంతికి మేత. పాలు, గ్రుడ్డు, పప్పు మానిపించండి. మేత లేక కంతి మాడిపోతుంది. ఎలుకల మీద రుజువైన సంగతి ఇది" అని చెప్పి వెళ్ళినాడట. ఆనాటి నుండి రోగి కంచంలో జావ తప్ప మరేమీ లేదు. మనిషి రోజురోజుకూ చిక్కిపోతున్నాడు. "ఆయన చెప్పినది నిజమేనా?" అన్నదే ఆ ఉత్తరంలోని ప్రశ్న.

రోగికి ఏమి పెట్టవలెనో చెప్పవలసినవారు వైద్యులు. ఆ ఉత్తరాన్ని వైద్యులకే చూపించి, వారి మాటను వెంటనే తెలియజేసినాము. అయితే "ఎలుకల మీద రుజువైనది" అన్న మాట మాత్రం నన్ను విడిచిపెట్టలేదు. ఏ ఎలుకలు అవి? ఎవరు, ఏమి పెట్టి, ఏమి చూచినారు? వెదకుతూ పోగా, నూరేండ్లు పైబడిన ఒక చరిత్ర బయటపడినది. అందులో ఒక ముఖ్యమైన అధ్యాయం మన హైదరాబాదు నగరంలోనే జరిగినది. ఆ చరిత్రను శ్రోతల ముందు పెట్టడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

కథ 1909లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో మొదలవుతుంది. అక్కడ పాల్ ఎర్లిక్ నడుపుతున్న పరిశోధన సంస్థలో కార్లో మొరెస్చి అనే ఇటలీ దేశపు శాస్త్రజ్ఞుడు పనిచేస్తూ ఉండెను. ఒక చిట్టెలుక దేహంలోని కంతి నుండి చిన్న ముక్కను తీసి మరొక చిట్టెలుక చర్మం క్రింద నాటితే, అది అక్కడ మొలకెత్తినట్లు పెరుగుతుందని అప్పటికే తెలిసి ఉన్నది. మొరెస్చి అటువంటి చిట్టెలుకలలో కొన్నింటికి మేత తగ్గించినాడు. కడుపునిండ తిన్న వాటిలో కంతి త్వరగా పెరిగినది. అరకడుపుతో ఉన్న వాటిలో మందగించినది. ఆహారానికీ కంతికీ సంబంధం ఉన్నదని చూపిన తొలి ప్రయోగాలలో ఇది ఒకటి.

1914లో న్యూయార్కు నగరంలోని రాక్‌ఫెల్లర్ సంస్థలో పేటన్ రౌస్ ఈ విషయాన్నే మరింత జాగ్రత్తగా పరిశీలించినాడు. కోళ్ళలో ఒక కంతికి వైరస్ కారణమని 1911లో చూపినవాడూ, ఆ పనికి 1966లో నోబెల్ బహుమానం పొందినవాడూ ఈయనే. మేత తగ్గించినప్పుడు కొన్ని కంతులు మందగిస్తాయి, కొన్ని ఏమాత్రం లెక్కచేయవు అని ఆయన గ్రహించినాడు. కంతులన్నీ ఒక జాతివి కావన్న ఈ హెచ్చరికను తరువాతివారు తరచు మరచిపోయినారు.

మేత మొత్తం తగ్గించడం ఒక సంగతి, అందులో ఏ భాగాన్ని తగ్గించవలెనన్నది వేరొక సంగతి. ఈ రెండవ ప్రశ్నను పట్టుకొన్నవారు అమెరికావారు. 1943లో జూలియస్ వైట్, హోవర్డ్ ఆండర్వాంట్ అనే ఇద్దరు, రొమ్ము కంతులు సహజంగానే ఎక్కువగా వచ్చే ఒక జాతి ఆడ చిట్టెలుకలకు సిస్టిన్ అనే అమైనో ఆమ్లం చాల తక్కువగా ఉన్న మేత పెట్టినారు. కంతులు రాలేదు. అయితే ఆ చిట్టెలుకలు సరిగా ఎదగనూ లేదు. 1949లో షికాగోలో ఆల్బర్ట్ టానెన్‌బామ్, హెర్బర్ట్ సిల్వర్‌స్టోన్ అనేవారు మేతలో కేసిన్ పాళ్ళు మార్చి చూచినారు. పాలు విరిచినప్పుడు గడ్డగా తేలే మాంసకృత్తు పేరు కేసిన్. అది తక్కువైనప్పుడు కాలేయంలో కంతులు తగ్గినవి. రొమ్ములోని కంతులలో గాని, చర్మం మీది కంతులలో గాని చెప్పుకోదగిన భేదం కనిపించలేదు. అదే మేత ఒక అవయవంలో ఒక మాట చెప్పినది, మరొక అవయవంలో ఏమీ చెప్పక ఊరకున్నది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి మాంసకృత్తు అంటే ఏమిటో జ్ఞాపకం చేసుకొందాము. అమైనో ఆమ్లాలు అనే ఇరువది రకాల పూసలను వేర్వేరు వరుసలలో గుచ్చిన దండలే మాంసకృత్తులు. మనం తిన్న దండను జీర్ణకోశం తెంపి పూసలుగా విడదీస్తుంది. శరీరం తనకు కావలసిన దండను మళ్ళీ గుచ్చుకొంటుంది. ఇందులో తొమ్మిది రకాల పూసలను మన శరీరం తయారు చేసుకోలేదు. అవి ఆహారంలో నుండే రావలెను. పాలలో, గ్రుడ్డులో, మాంసంలో ఈ తొమ్మిదీ తగిన పాళ్ళలో ఉంటాయి. వరిలో, గోధుమలో లైసిన్ అనే పూస తక్కువ. పప్పులలో ఆ లైసిన్ సమృద్ధిగా ఉంటుంది. ఈ చిన్న విషయం ముందు ముందు మనకు పనికి వస్తుంది.

ఇక హైదరాబాదుకు వద్దాము. 1918లో నీలగిరి కొండలలోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే వైద్యుడు బెరిబెరి వ్యాధిని గూర్చిన పరిశోధనకై చిన్న శాల ఒకటి నెలకొల్పినాడు. భారతదేశంలోని వేర్వేరు ప్రాంతాల భోజనాన్ని ఎలుకలకు పెట్టి, వాటి పెరుగుదలను పోల్చి చూచిన ప్రసిద్ధ ప్రయోగాలు జరిగినది అక్కడనే. ఆ శాల పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు తరలి వచ్చి, తార్నాకలో ఉస్మానియా విశ్వవిద్యాలయం ప్రక్కన స్థిరపడినది. 1969 నుండి దానికి జాతీయ పోషకాహార సంస్థ అని పేరు.

1960లలో ఆ పరిశోధనశాలకు సంచాలకులుగా ఉన్న డాక్టర్ సి. గోపాలన్ ముందు ఉన్న పెద్ద సమస్య క్యాన్సర్ కాదు, ఆకలి. కాళ్ళూ ముఖమూ ఉబ్బి, జుట్టు రంగు మారి, చర్మం పొరలు పొరలుగా లేచిపోయే క్వాషియోర్కర్ వ్యాధితో పసిపిల్లలు ఆసుపత్రులకు వస్తూ ఉండేవారు. పాలు కొనలేని ఇండ్లలో ఆ పిల్లలకు చౌకగా మాంసకృత్తులు అందించగల పంట ఏది? అందరి చూపూ వేరుసెనగ మీద పడినది. రాయలసీమ రైతు వర్షాన్ని నమ్ముకొని పండించే పంట అది. నూనె తీయగా మిగిలిన చెక్కను శుభ్రపరచి పిండి చేస్తే, అందులో దాదాపు సగం మాంసకృత్తే.

సరిగా అప్పుడే పిడుగు వంటి వార్త వచ్చినది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు కొద్ది నెలలలో చనిపోయినవి. కారణం వెదకగా, బ్రెజిల్ నుండి తెప్పించి దాణాలో కలిపిన వేరుసెనగ పిండి అని తెలిసినది. ఆ పిండిలో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు పట్టి ఉన్నది. ఆ బూజు ఊరించిన విషానికి అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టినారు. ఎక్కువ మోతాదులో అది కాలేయాన్ని కొద్ది రోజులలో చంపుతుంది. కొద్ది కొద్దిగా చాలకాలం లోపలికి పోతే కాలేయంలో రాచపుండు పుట్టిస్తుంది. పిల్లల ప్రాణం నిలపడానికి ఎంచుకొన్న గింజలోనే విషం పొంచి ఉండవచ్చునన్నమాట.

మరి మాంసకృత్తులు చాలని దేహం ఆ విషానికి ఏ విధంగా లోబడుతుంది? డాక్టర్ టి. వి. మాధవన్, డాక్టర్ గోపాలన్ ఇద్దరూ ఈ ప్రశ్నకు జవాబు వెదకినారు. 1965లో వారు ప్రకటించిన పరిశోధనలో, అప్పుడే తల్లిపాలు మానిన పిల్ల ఎలుకలకు అఫ్లటాక్సిన్ ఇచ్చినారు. మాంసకృత్తులు తక్కువగా తిన్న ఎలుకల కాలేయం ఎక్కువ దెబ్బతిన్నది. బాగా తిన్నవి తట్టుకొన్నవి. ఊహించిన ఫలితమే ఇది.

1968లో ప్రకటించిన రెండవ పరిశోధన ఊహించనిది. ఈసారి ఎలుకలను ఎక్కువ కాలం గమనించినారు. ఒక గుంపు మేతలో కేసిన్ నూటికి 20 వంతులు, మరొక గుంపు మేతలో నూటికి 5 వంతులు. చాలకాలం బ్రతికిన ఎలుకలను పరీక్షించగా, 20 వంతులు తిన్న గుంపులో కాలేయపు కంతులు కనిపించినవి. 5 వంతులు తిన్న గుంపులో కనిపించలేదు.

మన ఉత్తరంలోని బంధువు చెవికి, ఎన్ని నోళ్ళు మారి చేరినదో గాని, చేరిన వార్త బహుశా ఇటువంటిదే. అయితే దారిలో సగం మాట జారిపోయినది. తక్కువ తిన్న గుంపులో క్యాన్సర్ రాలేదన్నది నిజం. ఆ గుంపులోని ఎలుకలు విషం దెబ్బకు ముందే ఎక్కువగా చనిపోయినవన్నదీ నిజమే. ఒక గుంపు క్యాన్సర్ వచ్చేదాకా బ్రతికినది, ఇంకొక గుంపులో అనేకం అందాకా బ్రతుకలేదు. రెండు వాక్యాలనూ కలిపి చదివితేనే ఆ పరిశోధనకు అర్థం. ఒకటి తీసివేసి ఇంకొకటి చెప్పడం వీలునామాలో సగం పుట చింపి చదివినట్లు.

ఎందువల్ల ఇట్లు జరిగినది? తరువాతి సంవత్సరాలలో అమెరికాలో కోలిన్ క్యాంప్‌బెల్, ఆయన సహచరులు దీని లోగుట్టు వెదకినారు. అఫ్లటాక్సిన్ తినగానే క్యాన్సర్ పుట్టించేది కాదు. కాలేయంలోని కొన్ని ఎంజైములు దానిని మార్చినప్పుడే అది కణం లోపలి వంశసూత్రాన్ని పట్టుకొనే రూపం దాలుస్తుంది. మాంసకృత్తులు తక్కువైన దేహంలో ఆ ఎంజైముల చురుకుదనం తగ్గుతుంది. అందువల్ల క్యాన్సర్ బీజం తక్కువగా పడుతుంది. పడిన బీజం ఎదగడానికి కావలసిన సరకూ తక్కువే. కాని దేహాన్ని బాగుచేసుకొనే శక్తి, ఎదిగే శక్తి కూడా ఆ లోపంతోనే కుంటుపడతాయి. కంతిని ఆపిన చేయే ఎలుకను కూడా ఆపినది.

1989లో అదే బృందం నుండి మరొక విశేషం వెలువడినది. అఫ్లటాక్సిన్ తిన్న ఎలుకలకు కేసిన్ బదులు గోధుమ మాంసకృత్తును నూటికి 20 వంతులు పెట్టగా, కాలేయంలో కంతికి ముందు కనిపించే మచ్చలు చాల తక్కువగా వచ్చినవి. శాకాహారపు మాంసకృత్తు మంచిది, జంతువుల నుండి వచ్చినది చెడ్డది అని తీర్పు చెప్పడానికి ఇంతకంటె ఏమి కావలెను? అయితే వారు ఇంకొక గుంపుకు అదే గోధుమ మాంసకృత్తులో లైసిన్ కలిపి పెట్టినారు. మచ్చలు కేసిన్ తిన్నవాటితో సమానంగా వచ్చినవి. అంటే తేడా ఆవుకూ గోధుమ చేనుకూ మధ్య ఉన్నది కాదు. తొమ్మిది పూసలూ నిండుగా ఉన్న దండకూ, ఒక పూస తగ్గిన దండకూ మధ్య ఉన్నది.

ఇందులో మనకు మరీ దగ్గరి సంగతి ఒకటి ఉన్నది. అన్నంలో తక్కువైన ఆ లైసిన్‌ను పప్పు పూరిస్తుంది. మన పెద్దలు అమైనో ఆమ్లాల పేర్లు వినకపోయినా, పసివాని నోటికి మొదట పప్పన్నం ముద్దనే అందించినారు. బోనులోని ఎలుక కేవలం గోధుమ మాంసకృత్తు తింటుంది. మనిషి అన్నమూ పప్పూ కలుపుకొని తింటాడు. కనుక "శాకపు మాంసకృత్తు" అని బోను మీద వ్రాసిన చీటీని తెచ్చి మన విస్తరికి అంటించడం సాధ్యం కాదు.

ఇంతవరకు కంతిని గూర్చి చెప్పినాను. కంతితో పోరాడే వ్యాధి నిరోధక శక్తి మాటేమిటి? పోషణ లేని జంతువులలో, ఆ శక్తికి పుట్టినిల్లయిన థైమస్ గ్రంథి కృశించిపోతుందని మెక్‌కారిసన్ కూనూరు రోజులలోనే గమనించినాడు. అర్ధాకలి పిల్లలను తట్టు వంటి అంటువ్యాధి ఎంత సులభంగా ఎత్తుకొనిపోతుందో పాతతరం వారికి చెప్పనక్కరలేదు. అందుచేత 1970ల తొలినాళ్ళలో అమెరికాలో డేవిడ్ జోస్, రాబర్ట్ గుడ్ ప్రకటించిన ఫలితాలు పలువురిని ఆశ్చర్యపరచినవి. చిట్టెలుకలకు మాంసకృత్తులను కొంతమేరకు మాత్రమే తగ్గించినప్పుడు, కంతి మీదికి పోయి దానిని చంపే తెల్లకణాల బలం తగ్గలేదు. ఆ కణాలకు అడ్డుపడి కంతిని కాపాడే ఒక రకం ప్రతిరక్షకాలు తగ్గినవి. అంటే కొద్దిపాటి లోపం చిట్టెలుకకు మేలు చేసినట్లయినది. లోపం తీవ్రమైనప్పుడు మాత్రం రెండు బలాలూ కూలిపోయినవి. మేలుకూ కీడుకూ మధ్య గట్టు సన్ననిది. బోనులో దానిని గ్రాముల లెక్కన తూచి నిలపవచ్చును. ఇంటిలో, అందులోను రోగి విషయంలో, ఎవరు తూచగలరు?

1980లలో కెనడాలోని మాంట్రియల్ నగరంలో గుస్తావో బౌనస్ వేరొక దిక్కుగా పోయినాడు. మాంసకృత్తు పాళ్ళు మార్చకుండ, అది ఎక్కడి నుండి వచ్చినదన్నది మాత్రమే మార్చినాడు. పాలు విరిచిన తరువాత మిగిలే తేటలో కూడా మాంసకృత్తులు ఉంటాయి. ఆ తేట మాంసకృత్తు తిన్న చిట్టెలుకలు, కేసిన్ తిన్నవాటికంటె బలమైన నిరోధక స్పందన చూపినవి. పెద్దప్రేగులో క్యాన్సర్ పుట్టించే మందు ఇచ్చినప్పుడు, తేట తిన్నవాటిలో కంతులు తగ్గినవి. ఆ తేటలో సిస్టిన్ జాతి పూసలు అధికం. కణాలకు రక్షణకవచం వంటి గ్లూటాథయోన్ అనే పదార్థాన్ని దేహం వాటి నుండి తయారు చేసుకొంటుంది. 1943లో కంతిని పెంచుతుందని అనుమానించిన సిస్టిన్‌కు నలుబది ఏండ్ల తరువాత రక్షకుని వేషం లభించినది! 1995లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్ శాస్త్రజ్ఞులు ఎలుకలకు అటువంటి ప్రేగు క్యాన్సర్ మందునే ఇచ్చి నాలుగు మేతలు పోల్చగా, పాల మాంసకృత్తులు తిన్నవాటిలో కంతులు తగ్గినవి. మాంసం గాని సోయాచిక్కుడు గాని తిన్నవాటిలో ఎక్కువైనవి. కాలేయంలో నిందితుడైన కేసిన్ ప్రేగు దగ్గర నిర్దోషి అయినాడు.

ఎలుకల సాక్ష్యం ఇన్ని విధాలుగా ఉండగా, మనుష్యుల లెక్కలు ఏమంటున్నవి? 2014లో అమెరికాలో ప్రకటించిన ఒక పరిశీలనలో, 50 ఏండ్లు దాటిన ఆరువేలమందికి పైగా జనుల ఆహారాన్నీ మరణాలనూ పోల్చినారు. 50 నుండి 65 ఏండ్ల వయస్సులో మాంసకృత్తులు ఎక్కువగా తినేవారిలో క్యాన్సర్ మరణాలు ఎక్కువగా కనిపించినవి. ఆ మాంసకృత్తులు మొక్కల నుండి వచ్చినవైతే ఆ భేదం పలుచబడినది. 65 దాటినవారిలో లెక్క తలక్రిందులైనది. వారిలో ఎక్కువ తిన్నవారికే మేలు కనిపించినది. ఇటువంటి లెక్కలు కారణాన్ని నిరూపించవు, దారి చూపుతాయి. అయినా తండ్రి కంచానికీ తాత కంచానికీ ఒకే కొలత పనికిరాదని అవి గట్టిగానే చెబుతున్నవి.

చివరకు రోగి కంచం. క్యాన్సర్ పట్టిన దేహంలో కండ కరగడం వ్యాధి లక్షణాలలో ఒకటి. మేత ఆపినంత మాత్రాన కంతి ముందుగా మాడదు. దేహం తన కండను తానే కరిగించి పూసలుగా రక్తంలోనికి విడుస్తుంది. కంతి ఆ పూసలను ఏరుకొంటుంది. ముందు కరిగేది రోగి భుజం, రోగి తొడ. బలం తగ్గినవాడు చికిత్సనూ తట్టుకోలేడు. అందువల్లనే యూరపులోని పోషణ వైద్య నిపుణుల సంఘం 2017లో ప్రచురించిన సూచనలలో, క్యాన్సర్ రోగికి రోజుకు శరీరపు బరువు కిలో ఒక్కింటికి 1 గ్రాముకు తగ్గకుండ, వీలైతే 1.5 గ్రాముల వరకు మాంసకృత్తులు అందవలెనని చెప్పినారు. మూత్రపిండాల జబ్బు వంటివి ఉన్నవారికి లెక్క వేరు. దానిని చికిత్స చేసే వైద్యుడే నిర్ణయించవలెను.

తార్నాక ఎలుకలు మనకు చేసిన అసలు ఉపకారం వేరొకటి ఉన్నది. నిజమైన శత్రువు పప్పు కాదు, బూజు అని అవి చెప్పినవి. ఆ మాటలోని సత్యానికి మనం చాల మూల్యం చెల్లించినాము. మైసూరులో క్వాషియోర్కర్ పిల్లలకు బలం కోసం పెట్టిన వేరుసెనగ పిండిలో తెలియక ఈ విషం చేరి, కొందరి కాలేయం గట్టిపడిపోయినదని 1971లో వైద్యులు ప్రకటించినారు. 1974లో రాజస్థాన్, గుజరాత్ రాష్ట్రాల గిరిజన గ్రామాలలో తడిసి బూజుపట్టిన మొక్కజొన్న తిని నూరుమందికి పైగా మరణించినారు. దానిని పరిశోధించి కారణం చెప్పినవారు మన జాతీయ పోషకాహార సంస్థవారే. ఆ గిరిజనులు బూజుపట్టిన గింజను రుచికై తినలేదు. పారవేస్తే ఆ పూటకు మరొక గింజ లేక తిన్నారు.

కాబట్టి మన ఇండ్లలో చేయవలసిన పని పప్పు డబ్బా మూయడం కాదు. వేరుసెనగను బాగా ఎండబెట్టి, తేమ తగలని చోట దాచడం. ముడుచుకొన్న గింజనూ, రంగు మారిన గింజనూ, బూజు వాసన తగిలిన గింజనూ ఏరి పారవేయడం. వేయించినంత మాత్రాన ఈ విషం పూర్తిగా పోదని జ్ఞాపకం ఉంచుకోవడం. చేటలో గింజలు పోసుకొని పుచ్చులు ఏరే ఇల్లాలు ఈ నూరేండ్ల పరిశోధన సారాంశాన్ని తన వ్రేళ్ళతో అమలు జరుపుతున్నది.

ఉత్తరం వ్రాసిన శ్రోత మళ్ళీ ఒక కార్డు వ్రాసినారు. వైద్యులు చెప్పిన మీదట పెద్దాయన కంచంలోనికి మెత్తని పప్పన్నమూ, పెరుగూ తిరిగి వచ్చినవట. వ్యాధి ఎట్లున్నదో ఆ కార్డులో లేదు. నేనూ అడుగలేదు. "నిన్న తానుగా లేచి వచ్చి రేడియో దగ్గర కూర్చున్నారు" అని మాత్రం ఉన్నది.